ఒక్క గడిలో మాత్రమే టిక్ పెట్టవలెను

"సంతకం పెట్టీసి అవతల పడీ అమ్మీ. కుక్కరు మూడు కూతలు కూసీసింది," అంది అత్త అప్పలనరసమ్మ.

యామిని కుక్కరు దింపింది. సంతకం పెట్టలేదు. కాగితం వంటగట్టు మీద పప్పు డబ్బా కింద ఉంది. ఫ్యాను గాలికి ఎగిరిపోతుందని అత్తే డబ్బా పెట్టింది. తాలింపు చిట్లి అంచున రెండు నూనె మరకలు పడ్డాయి.

హెలికాప్టర్ నేర్పే శిక్షణ కేంద్రం నుంచి వచ్చిన ఫారం అది. పైన ‘శిక్షణ విరమణ పత్రం’ అని ఉంది. పేరు, నంబరు, ఎగిరిన గంటలు. పదకొండు నెలల్లో పందొమ్మిది గంటలు. ఆ కింద ‘మానేయడానికి కారణం’ అని నాలుగు గడులు. ఆర్థికం, ఆరోగ్యం, కుటుంబం, సామర్థ్యలోపం. వాటి కింద సన్నటి అక్షరాల్లో ‘ఒక్క గడిలో మాత్రమే టిక్ పెట్టవలెను’. సాయంత్రం ఐదింటిలోగా ఫొటో తీసి పంపాలి. పంపితే సీటు ఇంకొకరికి ఇస్తారు. మళ్లీ రానివ్వరు.

మానేస్తానని యామిని ఎవరితోనూ అనలేదు. ‘కొన్నాళ్లు ఇంటికెళ్లి ఆలోచించుకో’ అన్నాడు అక్కడి సారు. ఆమె రైలెక్కి నిమ్మాడ వచ్చింది. వచ్చిన రోజు సంచి దించకముందే అత్త, "ఇంక ఎల్లవు గదా," అంది. యామిని మంచినీళ్లు తాగుతోంది, జవాబు చెప్పలేదు. ఆ జవాబు లేకపోవడాన్నే జవాబు కింద తీసుకున్నారు. భర్త సురేష్ కేంద్రానికి ఫోన్ చేసి ఫారం తెప్పించాడు. టెక్కలిలో తన ఫోన్ల కొట్టులో ప్రింటు తీశాడు. అన్నం తింటూ చేతికిచ్చాడు. యామిని అబద్ధాలు చెప్పదు. చెప్పేవాళ్లకి అడ్డు రాదు, అంతే.

సురేష్ స్నానం చేసి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు.

"ఏటి, ఇంకా సూత్తన్నావా? పరీక్ష పేపరా అది?"

"ఏది పెట్టాలో తెలట్లేదు బావా."

"డబ్బులని పెట్టకు. సర్కారోడు కడతన్నాడు, నవ్వుతారు. కుటుంబం అని పెట్టకు. మా అమ్మే ఆపీసిందని ఊరంతా అనుకుంటాది. సామర్థ్యం అని అసలు పెట్టకు. జంక్షన్ల ఫ్లెక్సీ కట్టినోణ్ణి నేను. మొకం ఎక్కడ పెట్టుకుంటాను?"

ఆ ఫ్లెక్సీ ఇంకా ఉంది. హెడ్‌సెట్ పెట్టుకున్న యామిని ఒక మూల. నల్లద్దాలు పెట్టుకున్న సురేష్ నడిమధ్య.

"మరింకేటి మిగిలింది?"

"ఆరోగ్యం. కిడ్నీ అని రాసీ. ఉద్దానం పిల్లవి. మీ నాయన దాంతోనే పోనాడు. ఒక్కడూ తిరిగి అడగడు. అయ్యో అంటారు, ఊరుకుంటారు."

"మంచి మాట సెప్పినావురా నాయనా," అంది అప్పలనరసమ్మ.

"టెస్టు కాయితం అడుగుతారేమో."

"మీ అమ్మ కాడ కవరు నిండా ఉంటాయి గదా. ఎల్లి ఒకటి తే. పేరు సంగతి నేను కంప్యూటర్ల సూసుకుంటాను."

కిడ్నీ జబ్బని ఒకసారి రాసిస్తే ఏ డాక్టరూ మళ్లీ ఎగరడానికి చీటీ ఇవ్వడు. ఇక్కడే కాదు, ఏ కేంద్రంలోనూ ఇవ్వడు. ఆ సంగతి యామినికి తెలుసు. మాట నోటిదాకా వచ్చింది.

"పప్పులో ఉప్పు సాల్లేదు," అన్నాడు సురేష్.

ఆమె ఉప్పు తెచ్చింది.

నిమ్మాడ జంక్షన్‌లో పలాస బస్సు ఎక్కింది. కిటికీ పక్క సీటు దొరికింది. ఒళ్లో సంచి, సంచిలో ఫారం. కోటబొమ్మాళి దాటేలోపు కారణం తేల్చుకుందామనుకుంది. టెక్కలి దాటినా తేలలేదు.

ముందు సామర్థ్యలోపం అనుకుంది. ఎందుకు కాకూడదు? హెలికాప్టర్‌ని ముందుకు నడపడం అంత కష్టం కాదు. నేలకి నాలుగడుగుల పైన, ఉన్నచోటే, కదలకుండా నిలబెట్టడం కష్టం. కుడి చేతిలో కర్ర, ఎడమ పక్కన లీవరు, కాళ్ల కింద రెండు పెడల్స్. ఒకటి కదిపితే మిగతా రెండూ సర్దాలి. సర్దితే మొదటిది మళ్లీ సర్దాలి. మొదటి సారు తారకేశ్వరరావు గారు నౌకాదళంలో చేసి వచ్చిన పెద్దాయన. ‘కర్రని బిగబట్టకమ్మా, కాలే టీ గ్లాసు పట్టుకున్నట్టు వేళ్లతో పట్టుకో’ అనేవాడు. ఆయన దగ్గర వరసగా నాలుగు రోజులు ఎగిరింది. నాలుగో రోజు ఒక నిండు నిమిషం నిలబెట్టింది. ఆయన చేతి గడియారం చూపించి నవ్వాడు. ఆ మరుసటి వారం ఆయనకి సముద్రంలో చమురు బావుల దగ్గరికి మనుషుల్ని చేరవేసే ఉద్యోగం వచ్చింది, వెళ్లిపోయాడు. ఇరవై మూడు రోజుల తర్వాత కొత్త సారు వచ్చాడు. అప్పటికి ఆ నిమిషం ఆమె ఒంట్లో ఎక్కడా లేదు. ఎడమ చేత్తో లీవరు ఎత్తిన ప్రతిసారీ కుడి కాలు పెడల్‌ని ఈడ్చి తన్నేది. ముక్కు గిర్రున కుడివైపు తిరిగేది. ‘కాలు! కాలు!’ అని అరిచేవాడు కొత్త సారు. తన్నొద్దని ఆమెకీ తెలుసు. కాలికే తెలియదు. ‘ఆడవాళ్లకి పెడల్స్ అందవు, అదీ సమస్య’ అని తేల్చి, ఆమె వీపు వెనక దిండు పెట్టించాడు. దిండు పెట్టాక ఇంకా గట్టిగా తన్నింది.

లేకపోతే ఎగరడమే చాల్లేదా? ఎనిమిది మందిలో ఆమె ఒక్కతే ఆడమనిషి. వాన పడితే ఎగరరు. విడిభాగం రాకపోతే ఎగరరు. వాన లేక, విడిభాగం వచ్చి, అంతా సరిగా ఉన్న రోజు ఎవరో పెద్దవాళ్లు కేంద్రం చూడటానికి వస్తారు. ‘యామినీ, నువ్వు ముందు గదిలో ఉండమ్మా, మగపిల్లలు టీ అందిస్తే బాగోదు’ అంటారు. ఆమె వంతు ఇంకొకరికి పోతుంది. ‘నువ్వైతే అర్థం చేసుకుంటావని’ అంటారు. అర్థం చేసుకునేవాళ్లు నేల మీదే ఉంటారని గ్రహించడానికి ఆమెకి ఆరు నెలలు పట్టింది. దస్తూరి బాగుంటుందని ఎగిరిన గంటలు నమోదయ్యే లాగ్‌బుక్కులు అందరివీ ఆమె చేతే రాయించేవారు. తను ఎగరని గంటలు తన చేత్తోనే రాసింది.

ఎనిమిది మందిలో ఐదుగురు మానేశారు. ఎందుకు మానేశారని పై అధికారులు అడిగారు. ఆ నివేదిక టైపు చేసింది కూడా యామినే. ముగ్గురు ఆర్థికం, ఒకడు ఆరోగ్యం, ఒకడు కుటుంబం. రంగులు వేసి గుండ్రటి బొమ్మ తయారుచేసింది. ఆర్థికానికి నీలం వేసింది. బొమ్మ బాగుందన్నారు అధికారులు. ఆర్థికం అని టిక్ పెట్టిన ముగ్గురిలో మోహనకృష్ణ ఒకడు. అతని తండ్రికి రెండు రైసుమిల్లులున్నాయి. వెళ్లిపోయే ముందు రోజు హ్యాంగర్ వెనక కూర్చుని ఏడ్చాడు. ‘పోయిన నెల నిలబెట్టానక్కా. మధ్యలో పద్దెనిమిది రోజులు ఎక్కనివ్వలేదు. ఈ నెల రావట్లేదు. ఈ చేతులు నావి కావు’ అన్నాడు. ఆమె అతనికి నీళ్ల సీసా ఇచ్చింది. మర్నాడు నీలం రంగు వేసింది.

కుటుంబమా మరి? మూడుసార్లు ఫోన్ వచ్చింది. ‘అమ్మకి జొరం. రెండ్రోజులు వచ్చి ఎల్లు’ అన్నాడు సురేష్. మూడుసార్లూ యామిని రైలు పలాస చేరకముందే అత్త జ్వరం తగ్గిపోయింది. రెండు రోజులు ప్రతిసారీ పన్నెండు రోజులయ్యాయి. మినుములు బాగుచేయాలి, చుట్టాలొస్తారు, జీడితోటలో కూలీలకి కేరేజీలు కట్టాలి. సురేష్ తాగడు. చెయ్యెత్తడు. ఊళ్లో మంచివాడంటారు. మంచివాడు కావడానికి మగవాడికి అంతకన్నా ఏమీ అక్కర్లేదు. కొట్టు ముందు స్నేహితులతో ‘నా పెళ్లాం గాల్లో ఉంటే నేను నేల మీద అంట్లు తోముకోవాలేటి’ అంటాడు. అందరూ నవ్వుతారు. ఆమె కూడా నవ్వింది. అది మర్చిపోకూడదు. ఇంకొకటి కూడా మర్చిపోకూడదు. ఫోన్ వచ్చిన మూడుసార్లూ ఆమెకి ప్రాణం తెరిపిన పడింది. రేపు ఎగరక్కర్లేదు, ఆ అరుపు వినక్కర్లేదు అనుకుంటూ చీరలు సర్దుకుంది. అత్త జ్వరం అబద్ధమే. తన సంబరం మాత్రం నిజం. అయితే ఎవరు ఎవరిని ఆపినట్టు? వాళ్లు పిలిచారు కాబట్టి వచ్చిందా, వద్దామనుకుంటూ ఉంటే వాళ్లు పిలిచారా? బస్సు కుదుపుకి ఆలోచన ఎక్కడ మొదలైందో మర్చిపోయి మళ్లీ సామర్థ్యలోపం దగ్గరికి వచ్చింది.

పలాసలో దిగేసరికి పదకొండు దాటింది. జీడిపిక్కలు ఉడికిన ఘాటు వీధి మొదట్లోనే తగిలింది. తల్లి దాలమ్మ పనిచేసే కర్మాగారంలో రెండు వరసల్లో నలభై మిషన్లు. ఒక్కో మిషన్ ముందు ఒక్కో ఆడది. బెంచీకి బిగించిన కత్తుల మధ్య పిక్క పెట్టాలి. ఎడమ చేత్తో లీవరు ఎత్తుతూ కుడికాలితో పెడల్ తొక్కాలి. పెంకు విడుతుంది. పప్పు తీసి గిన్నెలో వేయాలి. విరక్కుండా వస్తే గుండు, విరిగితే బద్ద. దాలమ్మ ఇరవై రెండేళ్లుగా అక్కడే కూర్చుంది. చేతులకి ఆముదం రాసుకున్నా పెంకులోని జీడి కాల్చేసి వేళ్లు నల్లబడిపోయాయి. ఆధార్ మిషన్ ఆ వేళ్లను గుర్తుపట్టదు.

"ఏటే, ఏలకాని ఏల వచ్చినావు? తిన్నావా?"

యామిని నిలబడే ఉంది. ఫారం సంగతి, సురేష్ చెప్పిన సంగతి గబగబా చెప్పేసింది. దాలమ్మ చెయ్యి ఆగలేదు. పది పిక్కలు కొట్టాక నోరు తెరిచింది.

"నీకొచ్చినాదేటి ఆ జబ్బు?"

"రానేదు. రాయడానికే."

"రాయడానికి." ఇంకో పిక్క కొట్టింది. "మీ నాయన మూడేళ్లు ఆ మంచం మీద పడున్నాడు. సూది గుచ్చినప్పుడల్లా నా సెయ్యి పట్టుకునేవోడు. అది నీ మొగుడికి సాకైపోనాదేటి?"

యామిని నేల చూసింది.

"తీసుకో, నాకేటి నట్టం? టిపిను సంచిల కవరుంది. గానీ సూడు, ఆ జబ్బు పేరు ఒక్కపాలి రాసుకుంటే మరి ఎవుడూ సెరపడు."

యామిని కవరు తీసింది. అన్నిటికన్నా పైన ఉన్న చీటీ పోయిన వారానిది. దాలమ్మ పేరు. కిడ్నీ పరీక్ష, సీరం క్రియాటినిన్ రెండు పాయింట్ ఒకటి. దాని కింది చీటీలో ఒకటి పాయింట్ ఏడు. ఉద్దానంలో పుట్టినవాళ్లకి ఆ అంకెలు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

"అమ్మా, పెరిగింది గదే. సెప్పనేదేటి?"

"నువ్వడగనేదు."

అది నిజం. ఎనిమిది రోజులుగా ఈ జిల్లాలోనే ఉంది. చీటీ అవసరం పడ్డాకే వచ్చింది.

దాలమ్మ నడుం పట్టుకుని లేచింది. "నీల్లకి ఎల్లొత్తాను. కూకో. మిషన్ ఖాళీగా ఉంటే మేస్త్రీ అరుత్తాడు."

యామిని కూర్చుంది. ఇంటర్ చదివిన రెండు వేసవులూ, డిగ్రీ మూడు వేసవులూ ఆమె ఇక్కడే పనిచేసింది. పిక్క పెట్టింది. ఎడమ చెయ్యి లీవరు ఎత్తింది, కుడికాలు ఈడ్చి తన్నింది. పెంకు విడింది. మళ్లీ పెట్టింది. ఎత్తింది. తన్నింది. మనసు ఫారం చుట్టూనే తిరుగుతోంది. ఒళ్లు తన పని తాను చేసుకుపోతోంది. ఇరవయ్యో పిక్క దగ్గర ఆమె ఆగిపోయింది. లీవరు సగంలో ఉంది. కాలు గాల్లో ఉంది. వంగి తన కాలిని, ఎవరిదో అన్నట్టు, చాలాసేపు చూసింది.

దాలమ్మ తిరిగొచ్చింది. "ఏటయినాది? ఏలు తెగినాదా?"

"అక్కడ కూడా ఇలాగే తంతన్నానమ్మా."

"ఎక్కడ?"

"హెలికాప్టర్ల. లీవరెత్తినప్పుడల్లా కాలు ఎల్లిపోతంది. పొట్టి కాలన్నాడు సారు. దిండెట్టినాడు."

దాలమ్మకి అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. తర్వాత నవ్వింది. పొలమారేంత నవ్వింది. "ఓలమ్మో! ఆకాశంల పిక్కలు కొట్టొచ్చినావేటే!"

పక్క మిషన్ రాజులమ్మ మెడ సాచింది. "గుండు వచ్చినాదా పిల్లా, బద్ద వచ్చినాదా?"

వరసంతా నవ్వింది. యామినికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పదకొండు నెలలు ఆమెకి చేతకాదనుకున్నారు. ఆమె కూడా అనుకుంది. చేతకాకపోవడం కాదది. ఒంటికి మరీ బాగా వచ్చిన పని ఒకటి అడ్డం పడుతోంది. ఆ కాలు ఎక్కడి నుంచి వచ్చిందని ఒక్కరూ అడగలేదు. తను కూడా తనని అడగలేదు. అయితే ఇదేనా కారణం? కారణం దొరికిందని ఒక్క క్షణం తేలికపడింది. వెంటనే టీ కప్పులు, అత్త జ్వరం, ఫోన్ వచ్చినప్పటి తన సంబరం ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. ఏదీ పక్కకి తప్పుకోలేదు.

"ఈ తన్నుడు పోవాలంటే ఎన్నాళ్లు పడుతుందే?"

"రోజూ కూకుంటే పది రోజులు. మద్దిల లేపకపోతే." దాలమ్మ కూతుర్ని పక్కకి జరిపి కూర్చుంది. "ఈ మిషన్ మీదకి పదిమంది కొత్తోళ్లొత్తే ఏడుగురు ఎల్లిపోతారు. మేస్త్రీనడుగు, ఒళ్లు వంగదంటాడు. ఒళ్లు కాదు, ఏటీ కాదు. నాలుగు రోజులు కూకోబెడతాడు. ఐదోనాడు సరుకు నేదు, నేల ఊడుపుకి ఎల్లమంటాడు. వారం పోయాక మళ్లా కూకోమంటాడు. అప్పటికి కాలు కొత్తదైపోతాది, ఏలు తెగుతాది. నాకు సేతకాదనుకొని ఎల్లిపోతారు."

"నువ్వెలా ఉండిపోనావు?"

"లెగనేదు. ఊడుపుకి రమ్మన్నాడు, లెగనేదు. తిట్టినాడు. కూకున్నాను."

"ఎందుకు లెగనేదు?"

దాలమ్మ పిక్క చేతిలో పట్టుకుని ఆలోచించింది. "ఏమోనే. ఎందుకని ఎవులూ అడగనేదు."

మధ్యాహ్నం తల్లితో పాటు గేటు బయట కూర్చుని చద్దన్నం తింది యామిని. దాలమ్మ లోపలికి వెళ్లాక సురేష్ ఫోన్ చేశాడు.

"దొరికినాదా కాయితం?"

"దొరికింది."

"ఫొటో పెట్టు బేగి. పేరు మార్సడానికి ఐదు నిమిషాల పని."

ఆమె చీటీని అరచేతిలో పరిచింది. ఫోన్ దాని మీదికి వంచింది. తెరలో దాలమ్మ పేరు స్పష్టంగా కనపడింది. ఆ పేరు తీసేసి తన పేరు పెడతారు. రేపు తల్లికి నిజంగా సూదులు మొదలైనప్పుడు తను పక్కన కూర్చుని ఏ మొహంతో చెయ్యి పట్టుకుంటుందో ఆలోచించింది. ఫొటో తీయలేదు. లోపలికెళ్లి చీటీని కవర్లో, కవరుని టిఫిను సంచిలో పెట్టేసింది. ఈసారి డాక్టరు దగ్గరికి ఎప్పుడెళ్లాలో అడిగి, తారీకు తన ఫోన్లో రాసుకుంది.

బయటికొచ్చి కేంద్రం ఆఫీసుకి ఫోన్ చేసింది. గుమస్తా పోలారావు ఎత్తాడు.

"ఫారం ఇంకా రాలేదేమ్మా? ఐదింటికి మూసేస్తాను."

"నాలుగు గడుల్లో ఏదీ సరిపోవట్లేదండి. చూస్తే అన్నీ కొంచెం కొంచెం నిజమే అనిపిస్తున్నాయి. ఖాళీగా పంపొచ్చా?"

"అలా కుదరదమ్మా. కారణం లేనిదే విరమణ చెల్లదు. ఏదో ఒకటి పెట్టెయ్యండి. అందరూ అంతే చేస్తారు."

"తెలుసండి. ఆ నివేదిక టైపు చేసింది నేనే."

పోలారావు దగ్గాడు.

"చెల్లకపోతే ఏమవుతుంది?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. ఎవరూ ఆయన్ని ఆ ప్రశ్న అడిగినట్టు లేదు.

"చెల్లకపోతే... మీరింకా శిక్షణలో ఉన్నట్టేనమ్మా."

యామిని గేటు పక్క గోడకి ఆనుకుంది. తనకి కలిగింది భయమో, సంతోషమో పోల్చుకోలేకపోయింది. మధ్యలో సురేష్ కాల్ వచ్చి మోగి మోగి ఆగిపోయింది. కొత్త సారు మళ్లీ అరుస్తాడు. అత్తకి మళ్లీ జ్వరం వస్తుంది. కాలు మాట వింటుందో లేదో తెలియదు. ఏదీ తేలలేదు. తేలేదాకా ఆగితే ఐదు దాటుతుంది.

"ఈ సాయంత్రం రైలుకి బయల్దేరుతున్నాను. ఎల్లుండి పొద్దున్న నుంచి పది రోజులు వరసగా నా పేరు రాయండి. మధ్యలో ఎవరొచ్చినా నేను సీట్లోంచి లేవను."

"సారుని అడగాలమ్మా."

"అడగండి. మీరు రాశాక అడగండి."

కలం కదిలిన చప్పుడు వినిపించింది. మూడు దశాబ్దాల అలవాటు కొద్దీ పోలారావు అడిగాడు.

"కారణం ఏమని రాయమంటారు?"

"దేనికండీ? ఉండిపోవడానికా?"

అవతల కలం చప్పుడు ఆగింది.

"దానికి గడి లేదమ్మా," అన్నాడు.